మా పాసుపుస్తకం మాకివ్వడానికి 1,499 రూపాయలా?

ఇవాళ పదిన్నరకి బ్యాంకు నుంచి నాన్న ఫోన్ చేశారు. పంట రుణం రెన్యువల్ కోసం వెళ్ళారు. "పొలం పాసుపుస్తకం ఇంట్లో మర్చిపోయానమ్మా, నువ్వు స్కాన్ చేసి దాచావుగా, అది పంపు" అన్నారు. మూడేళ్ళ కింద నేనే ఒక ఉచిత యాప్‌లో అన్నీ స్కాన్ చేశాను. పాసుపుస్తకం, 1బి, అడంగల్ లాంటి భూమి కాగితాలు, అమ్మ ఆధార్‌తో సహా.

యాప్ తెరిస్తే, పీడీఎఫ్ కావాలంటే ప్రీమియం తీసుకోమంది. ఏడాదికి 1,499. కట్టకపోతే పేజీకి అడ్డంగా వాళ్ళ కంపెనీ పేరు లావుపాటి అక్షరాలతో వస్తుంది. అది వచ్చి సరిగ్గా సర్వే నంబరు మీద కూర్చుంది. మొదటి రెండు అంకెలు కనిపిస్తున్నాయి, మిగతాది ఆ పేరు కింద ఉంది. స్క్రీన్‌షాట్ తీస్తే ఇంకా మసక. బ్యాంకాయన "ఇది పనికిరాదండీ" అన్నారట. ఎండలో పన్నెండు కిలోమీటర్లు వెనక్కి బస్సెక్కారు మా నాన్న.

డబ్బు అడగడం తప్పని నేననడం లేదు. సర్వర్లకి ఖర్చవుతుంది, పనిచేసేవాళ్ళకి జీతాలివ్వాలి. కొత్తగా స్కాన్ చేసేవాటికి అడగండి, నచ్చితే కడతాం, లేదంటే మానేస్తాం. ఉచితమని చెప్పి మా చేత పెట్టించుకున్న కాగితాలకి ఇవాళ తాళం వేయడమేంటి? గూగుల్ ఫోటోస్ 2015లో ఎన్ని ఫోటోలైనా ఉచితం అంది, 2021 జూన్ 1 నుంచి ఆపేసింది. ఇప్పుడు జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ. నాకు అప్పుడూ కోపమొచ్చింది. కానీ ఆ ఉచిత పద్ధతిలో అప్పటికే పెట్టిన ఫోటోలని వాళ్ళు లెక్కలో కలపలేదు. ఆ పాటి మర్యాద వీళ్ళకెందుకు లేదు?

అసలు మనకి ఈ అలవాటు చేసిందెవరు? 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి 2017 మార్చి దాకా డేటా ఊరికే ఇచ్చింది. ఊరూరా చేతిలోకి ఫోనొచ్చింది. 2024 జులైలో పెద్ద ప్రైవేటు కంపెనీలన్నీ రేట్లు పెంచాయి, అదే జియోలో 155 ప్లాన్ 189 అయింది. 2023లో ఐపీఎల్ జియోసినిమాలో ఉచితం, 2025కల్లా ప్లాన్ ఉంటేనే పూర్తి మ్యాచ్. పోనీ డబ్బు కట్టినవాళ్ళకైనా సుఖముందా? ప్రైమ్ వీడియోకి ఏడాదికి 1,499 కట్టినవాళ్ళకి కూడా 2025 జూన్ నుంచి ప్రకటనలు వేస్తున్నారు. అవి వద్దంటే ఏడాదికి ఇంకో 699 అన్నారు అప్పుడు!

వీటన్నిటికంటే నా కడుపు మండేది ఆటోపే చూస్తే, అంటే ఒకసారి ఒప్పుకుంటే ఖాతాలోంచి దానంతటదే డబ్బు కోసుకునే పద్ధతి. పోయినేడు నాన్న ఏదో పంచాంగం యాప్‌లో ఒక్క రూపాయి ట్రయల్ అంటే నొక్కారు. పీఎం కిసాన్ డబ్బులు పడే ఖాతాలోంచి నెలకి 199 చొప్పున ఏడు నెలలు పోయాయి. 1,393 రూపాయలు. నాలుగు నెలలకోసారి వచ్చేదే 2,000. యాప్ తీసేస్తే ఆగిపోతుందని ఆయన అనుకున్నారు, ఎవరైనా అలాగే అనుకుంటారు. యూపీఐ యాప్‌లోకి వెళ్ళి ఆటోపే ఎక్కడుందో వెతికి రద్దు చేయాలని ఆయనకెవరు చెప్పారు? ఒక్క రూపాయి అన్నది మాత్రం తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంది. 199 సంగతి ఇంగ్లీషులో, అడుగున, బూడిద రంగులో ఉంది. ఇలాంటి 13 రకాల మోసాలు కుదరవని వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్‌లోనే మార్గదర్శకాలిచ్చింది. సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా అందులో ఉంది. అయినా ఎవరాగారు? మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు ఈ రాత్రికే తీసి ఆటోపే లిస్టు చూడండి. మోసం కనబడితే 1915కి ఫోన్ చేయండి.

ఆ పంచాంగం యాప్ సంగతి బయటపడినప్పుడు నాన్న "నేనేమన్నా తప్పు నొక్కానా అమ్మా?" అని గొంతు తగ్గించి అడిగారు. ఇవాళ బస్సులోంచి మళ్ళీ అదే గొంతుతో "పోనీలే, ఆ 1,499 నీ ఖాతాలో వేస్తాను, కట్టెయ్" అన్నారు.

కట్టలేదు. కట్టను కూడా.