మేఘస్తంభం వారికి ఒక మెరారీయుడి విన్నపం

ఐగుప్తు విడిచిన ఇశ్రాయేలీయులకు ఎడారిలో దారి చూపే మహారాజశ్రీ మేఘస్తంభం వారి దివ్యసముఖానికి, మందిర సేవ చేసే లేవీ గోత్రంలో మెరారీ వంశంవాడు, యాజకుడు ఈతామారు గారి చేతికింద బరువులు మోసే మనిషి విన్నవించుకునేది ఏమనగా: కాదేషు మజిలీలో అందరం క్షేమం. తమరు లేస్తే మేం కదలాలి, నిలిస్తే ఆగాలి; తమరు మాత్రం విప్పి మోసుకెళ్లే మన గుడారపు మందిరం మీద ఎన్నాళ్లుంటారో ఎప్పటిలాగే తెలియడం లేదు.

తమరి దారిని తప్పుపట్టేవాణ్ణి కాను గానీ, మోసేవాడి గోడు కూడా కాస్త ఆలకించండి. 48 పలకలు, తలాంతు అనే పెద్ద తూకం చొప్పున తూగే 100 వెండి దిమ్మలు, ఆవరణం చుట్టూ నిలిచే స్తంభాలు, వాటి ఇత్తడి దిమ్మలు, మేకులు, తాళ్లు మా వంతు. మాకు దక్కినవి 4 బండ్లు, 8 ఎద్దులు. తమరు లేచారంటే చాలు, యాజకులు వెండి బూరలు ఊదుతారు, ముందుగా యూదా గోత్రపు పాళెం కదులుతుంది, పరిశుద్ధ వస్తువులను భుజాన వేసుకుని మా తోటి లేవీయులు కహాతీయులు వచ్చేసరికి మందిరం నిలబడి ఉండాలి. సాయంత్రం దిగిన చోట ఆఖరి దిమ్మను సమం చేసి, గోళ్లలో ఇరుక్కున్న ఇసుక తీసుకుంటూ ఉండగానే తెల్లవారుతుంది, తమరు లేస్తారు. ఇంకోచోట నెల గడిచినా కదలరు. హజేరోతు మజిలీలో మోషే గారి అక్క మిర్యాము గారు కుష్ఠు సోకి పాళెం వెలుపల ఉన్న 7 రోజులూ ఆగాం. ఎందుకు ఆగామో మాకు తెలిసింది బహుశా ఆ ఒక్కసారే.

హోరేబు కొండ నుంచి ఇక్కడికి 11 రోజుల ప్రయాణమట. ముందుగా ఒక్కరోజు కబురు పెడితే తమరి మహిమకు వచ్చే లోటేమిటి? సాక్షాత్తూ మోషే గారే, తమరు ఆకాశంలో ఉండగానే, ఎడారిలో ఎక్కడ దిగాలో నీకు తెలుసు, మాకు కళ్లుగా ఉండమని తన అత్తింటివారైన హోబాబు గారిని బతిమాలుకున్నారు. ఆయనంతటివారు అడగగా లేనిది, నేనడిగితే తప్పయిందా?

తమరిని అడగకుండా కదిలినవాళ్లూ ఉన్నారు లెండి. కనాను దేశం చూసివచ్చిన వేగులవారి మాటలకు భయపడి రాత్రంతా ఏడ్చి, ఐగుప్తుకు తిరిగిపోదామన్నవాళ్లే, ఆ దేశంలో అడుగుపెట్టరన్న దేవుని తీర్పు విన్న మర్నాడు పొద్దున్నే పౌరుషం తెచ్చుకుని, దాన్ని గెలుద్దామని కొండెక్కారు. దేవుని నిబంధన పెట్టె అయిన మందసం పాళెం దాటలేదు, మోషే గారూ దాటలేదు. అమాలేకీయులు, కనానీయులు కలిసి వాళ్లను హోర్మా వరకు తరిమారు. నేను వెళ్లలేదు. దైవభయం వల్లనే ఆగానని పిల్లలతో చెప్పాను. నిజానికి బూర మోగలేదు గనుక దిమ్మలెత్తే పని లేదని పడుకున్నాను.

ఈ ఉదయం మా గుడారానికి కొత్త మేకు కొడుతున్నాను. నేల గట్టిది, సగమే దిగింది. మా ఆవిడ ఆకాశం నుంచి కురిసిన మన్నా విసురుతూ, ఎందుకింత లోతుకు కొడుతున్నారని అడిగింది. నేను తలెత్తి తమరి వంక చూశాను. మిగతా సగం కొట్టమంటారా, వద్దంటారా? సుత్తి చేతిలోనే ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి నీడన బతికే ఒక మోతగాడు