యాభై రెండు అడిగితే అరవై ఆరు ఇచ్చిన కోడు

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి దగ్గర మా మేనమామ గారు రొయ్యల చెరువు చేస్తున్నారు. నేను పనిచేసే చిన్న సంస్థ తయారుచేసిన పెట్టె ఒకటి సంక్రాంతి వెళ్లాక ఆ చెరువు గట్టు మీద, ఏరేటర్ల స్టార్టరు పక్కన బిగించాం. నీటిలో కరిగిన ఆక్సిజన్ ఎంత ఉందో నిమిషానికోసారి కొలిచి, లోపలున్న ఈఎంఎంసీ మెమరీ చిప్పులో రాసుకోవడమే దాని పని. మే నెలలో ఆయన ఫోన్ చేసి, "ఏరా అబ్బాయ్, నీ పెట్టె పగలంతా బాగానే ఉంటోంది గానీ, సరిగ్గా కావాల్సిన రాత్రి పూటే లెక్క రాయడం మానేస్తోందిరా" అన్నారు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామునే కాబట్టి ఆ మాటలో వెటకారం ఎంతుందో చెరువులు చేసేవాళ్లకు తెలుస్తుంది.

తీరా వెతికితే పగలు బాగుందన్నది కూడా నిజం కాదని తేలింది. మధ్యాహ్నపు ఎండకు ప్లాస్టిక్ పెట్టె లోపల వేడెక్కి, మెమరీ నుంచి చదివే డేటాలో, అది దారిలో చెడిందని పట్టిచ్చే సీఆర్‌సీ తప్పులు మొదలయ్యేవి; మళ్లీ మళ్లీ ప్రయత్నించి విఫలమైన కెర్నెల్ (పెట్టెను నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), ఉన్న డేటా పాడవకుండా ఫైల్ సిస్టమ్‌ను చదవడానికి మాత్రమే వీలుండే స్థితికి మార్చేసేది. తెర మీద అంకెలు కదులుతూనే ఉంటాయి గనుక పెట్టె పనిచేస్తున్నట్టే కనిపించేది. దీనికంతటికీ మూలం, మెమరీకి క్లాక్ (డేటా రాకపోకలకు లయ ఇచ్చే విద్యుత్ స్పందన) అమర్చే డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే కోడు) ఫంక్షన్‌లోని ఒకే ఒక్క భాగహారం. ఆ ప్యాచ్‌ను (ఆ కోడు మార్పును) చూసి ఆమోదం రాసిన ఇద్దరిలో నేనొకణ్ణి. ఈ పోస్టులో ఎక్కడ కోపం కనిపించినా అందులో నా వాటా నాకుందని ముందే చెబుతున్నాను.

ఆ భాగహారం ఏమిటో వివరంగా చెప్పాలి. మెమరీతో మాట్లాడే మా కంట్రోలర్‌కు అందే మూల క్లాక్ 200 మెగాహెర్ట్జ్. హైస్పీడ్ మోడ్‌లో ఈఎంఎంసీకి ఇవ్వదగిన గరిష్ఠ క్లాక్ 52 మెగాహెర్ట్జ్. 200ను 52తో భాగిస్తే దాదాపు 3.85 వస్తుంది, సీ భాషలో పూర్ణాంకాల భాగహారం భిన్నాన్ని వదిలేస్తుంది కనుక డివైడర్ (మూల క్లాక్‌ను భాగించే అంకె) 3 అయింది, తీగ మీదికి వెళ్లిన క్లాక్ 66.67 మెగాహెర్ట్జ్ అయింది. 4 తీసుకుని ఉంటే 50 వచ్చేది, అది హద్దులోపలే. డివైడర్‌లోని భిన్నాన్ని ఎటు సవరించాలన్నది రాసేవాడి ఇష్టాయిష్టాలకు వదిలే సంగతి కాదు, ఎందుకంటే డివైడర్‌ను కిందికి దించిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ అడిగినదాని కంటే పైకే పోతుంది.

ఇప్పుడు నానోసెకన్ల లెక్క చూడండి. హైస్పీడ్ మోడ్‌లో క్లాక్ అంచు వచ్చాక చిప్పు తన డేటాను బయట పెట్టడానికి గరిష్ఠంగా 13.7 నానోసెకన్లు తీసుకోవచ్చని ఈఎంఎంసీ ప్రమాణం అనుమతిస్తుంది. 50 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చక్రం 20 నానోసెకన్లు కాబట్టి, తీగల ఆలస్యానికీ కంట్రోలర్ ఆ డేటాను స్థిరంగా పట్టుకోవడానికీ 6.3 నానోసెకన్లు మిగులుతాయి. 66.67 దగ్గర చక్రం 15 నానోసెకన్లకు కుదించుకుపోతుంది, మిగిలేది 1.3. చల్లగా ఉన్న చిప్పు 13.7 దాకా ఆగకుండా ముందే జవాబిస్తుంది గనుక సంక్రాంతి చలిలో ఏ తప్పూ కనబడలేదు. ఏసీ గదిలో, బల్ల మీద, పెట్టె మూత తీసిపెట్టి పరీక్షించిన మాకు అసలే కనబడలేదు.

మావయ్య మాత్రం నానోసెకన్ల గొడవ లేకుండానే సగం నిజం పట్టేశారు. పెట్టె మీద తడి గోనెసంచి కప్పిన రోజున రాత్రి కూడా లెక్క రాస్తోందని ఆయన చెప్పాకే నాకు వేడి మీద అనుమానం వచ్చింది.

అసలు నాకు మింగుడుపడనిది భాగహారం కాదు, దాని కింది వరుస. లినక్స్‌లో ఇలాంటి కంట్రోలర్ల వివరాలు ఉంచుకునే ఎంఎంసీ హోస్ట్ నిర్మాణంలో, అడిగిన క్లాక్ ఎంత అన్నదానికి ఒక చోటు, నిజంగా వచ్చిన క్లాక్ ఎంత అన్నదానికి మరో చోటు విడివిడిగా ఉన్నాయి. డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే, కెర్నెల్ లోపలి సంగతులు చూపే చోటు కింద ఐఓఎస్ అనే ఫైలు తెరిస్తే ఆ రెండూ కనిపిస్తాయి. మా డ్రైవర్ రాసినవాడు రెండో చోట కూడా అడిగిన అంకెనే నింపాడు. అంటే పెట్టె లోపల 66 నడుస్తుంటే, అసలు క్లాక్ ఎంత అని అడిగినవారికి ఆ కోడు 52 అని చెబుతూ వచ్చింది. తప్పు చేసిన కోడును క్షమించవచ్చు గానీ, తప్పు బయటపడే దారిని కూడా మూసేసిన కోడును ఆమోదించినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ధవళేశ్వరంలో హెడ్ స్లూయిస్ గేట్లు ఎత్తి ఇన్ని క్యూసెక్కులు వదిలామని పుస్తకంలో రాసుకుంటే శివారు చేలకు నీరందినట్టు కాదని మా వైపు ఏ రైతునడిగినా చెబుతాడు. ఈ నేల మీద పుట్టి పెరిగిన నేను మాత్రం పుస్తకంలోని అంకె చూసి సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టానంటే, ఆ రోజు నేను ప్యాచ్ చదివాను గానీ లెక్క వేయలేదు. నా వ్యాఖ్యలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, తీసి చూసుకున్నాను. ఒక వేరియబుల్ పేరు బాగాలేదన్నాను. ఒక వరుస మరీ పొడవైందన్నాను. ఒక చోట ఖాళీ ఎక్కువైందన్నాను. కోడ్ రివ్యూ పేరిట మనలో చాలామంది చేస్తున్నది ఇదే: పెళ్లి పత్రికలో అచ్చుతప్పులు దిద్ది, ముహూర్తం తేదీ చూడకుండా వదిలేయడం. క్లాక్ అమర్చే కోడు ముందుకొచ్చినప్పుడు చిప్పు మాన్యువల్ తెరిచి, డివైడర్ ఎన్ని బిట్లో చూసి, మూడు నాలుగు ఫ్రీక్వెన్సీలకు కాగితం మీద భాగహారం చేయని సమీక్షకుడు ఆ ప్యాచ్ కింద తన పేరు రాయకూడదని నేనిప్పుడు గట్టిగా అంటున్నాను.

బిట్ల మాట ఊరికే అనడం లేదు. ఇదే మే నెలలో ఇంకో బోర్డు డ్రైవర్ నా దగ్గరికి వచ్చింది. ఎస్‌డీ కార్డును మొదట గుర్తుపట్టే దశలో క్లాక్ 100 నుంచి 400 కిలోహెర్ట్జ్ మధ్యనే ఉండాలి. మూల క్లాక్ 200 మెగాహెర్ట్జ్ కాబట్టి 400 కిలోహెర్ట్జ్‌కు డివైడర్ 500 కావాలి, కానీ ఆ కంట్రోలర్‌లో డివైడర్‌కు కేటాయించింది 8 బిట్లే, అందులో 255కు మించిన అంకె పట్టదు. 500లోంచి కింది 8 బిట్లు మాత్రమే తీసుకుంటే మిగిలేది 244, వచ్చే క్లాక్ దాదాపు 820 కిలోహెర్ట్జ్. కార్డు జవాబివ్వకపోతే కెర్నెల్ పాపం తగ్గించి 300 కిలోహెర్ట్జ్ అడుగుతుంది; అప్పుడు కావలసిన 667 కాస్తా 155 అయి, క్లాక్ 1290 కిలోహెర్ట్జ్ దాకా ఎగురుతుంది. నెమ్మదిగా వెళ్లమన్నకొద్దీ వేగం పెంచే ఆటో ఎక్కినట్టుంటుంది. దాని రచయితను అడిగితే, "నా దగ్గరున్న కార్డులన్నీ పనిచేస్తున్నాయండి" అన్నాడు. మంచి కుర్రాడే, అబద్ధం కూడా చెప్పలేదు. కానీ అతని దగ్గరున్న కార్డులు రెండు, ఆ రెండూ ఒకే ప్యాకెట్‌లోవి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. డివైడర్ మార్చే ముందు కార్డుకు వెళ్లే క్లాక్ ఆపాలి, కొత్త క్లాక్ స్థిరపడిందని రిజిస్టర్ (కంట్రోలర్ తన స్థితిని చూపే చిన్న గడి) ఒక బిట్‌తో చెప్పేదాకా ఆగాలి, ఆ ఆగడానికి ఒక గడువు ఉండాలి, ఆ తర్వాతే మళ్లీ వదలాలి. గడువు లేని ఎదురుచూపు రాసిన కోడు, ఆ బిట్ రాని రోజున పెట్టెనంతా పట్టుకుని కూర్చుంటుంది. క్లాక్ రేటు అడిగితే మైనస్ 22 అనే తప్పు సంకేతం వచ్చినప్పుడు దాన్ని మైనస్ గుర్తుకు చోటు లేని 32 బిట్ల వేరియబుల్‌లో దాస్తే అది 4294967274 హెర్ట్జ్ అయిపోతుంది. దాన్ని నమ్మి ముందుకెళ్లిన డ్రైవర్‌ను కూడా చూశాను.

సమీక్షకుడు పరీక్షకుడు కాడని, ఇవన్నీ టెస్టింగ్ వాళ్లు చూసుకోవాలని మా ఆఫీసులో ఒక వాదన ఉంది. నేను ఒప్పుకోను. టెస్టింగ్ వాళ్లకు ఇచ్చింది ఐదు బోర్డులు, ఒకే కాలంలో కొన్న చిప్పులు, ఏసీ గది. ఉండి మే నెల ఎండ వాళ్ల పట్టికలో లేదు, ఉండాలని అడిగిన వాళ్లూ లేరు. 3.85ను 3 చేయడం తప్పని తెలుసుకోవడానికి మాత్రం బోర్డు అక్కరలేదు, ఎండ అంతకన్నా అక్కరలేదు. ఆ పని రెండు నిమిషాలది. ఆ రెండు నిమిషాలు నా దగ్గర ఉన్నాయి.

సవరించిన ప్యాచ్ మూడో రూపం నిన్న రాత్రి వచ్చింది. అడిగింది 52, వచ్చింది 50 అని ఐఓఎస్ ఫైలులో కనిపిస్తున్న వరుసలతో పాటు, క్లాక్ తీగ మీద ఆసిలోస్కోప్ (విద్యుత్ తరంగాన్ని తెర మీద చూపే పరికరం) పెట్టి తీసిన ఫోటో కూడా జతచేయమన్నాను. ఆ ప్యాచ్ రాసిన కుర్రాడు విసుక్కోకుండా పంపాడు. తెర మీద గళ్లు లెక్కపెట్టుకుని చక్రం 20 నానోసెకన్లు ఉందని చూసుకున్నాకే ఆమోదం రాశాను. ఆదివారం ఉండి వెళ్లి కొత్త కోడు ఎక్కిస్తాను. ఇక గోనెసంచి తీసేయవచ్చని మావయ్యకు ఫోన్లో చెబితే, "ఈ వేసవి వెళ్లనియ్యరా, అప్పుడు చూద్దాం" అన్నారు.