బ్లాకులు కడిగేస్తుందట ఆ కషాయం!

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ వారం మూడోసారి వచ్చింది అదే మెసేజ్. "వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ సిడర్ వెనిగర్ మరగబెట్టి, తేనె కలిపి నెలరోజులు పరగడుపున తాగితే గుండె రక్తనాళాల్లో బ్లాకులన్నీ కడుక్కుపోతాయి. మందులు మానేయొచ్చు. సన్నగా ఉన్నవాళ్ళకి, నలభై దాటనివాళ్ళకి భయమే లేదు." కింద వరసగా దండాలు. స్టెంటు వేయించుకున్న మూడో అంతస్తు అంకుల్ అప్పుడే కిలో వెల్లుల్లి తెప్పించారు. అందుకే ఇది రాస్తున్నాను.

"కడుక్కుపోతాయి" అన్నచోటే తేడా కొట్టింది. బోరు నీళ్ళకి కుళాయిలు ఉప్పు పట్టడం, యాసిడ్ పోస్తే వదలడం రోజూ చూస్తాం కాబట్టి రక్తనాళమూ అంతే అనుకుంటాం. కానీ ధమని గోడకి మూడు పొరలుంటాయి. అన్నిటికంటే లోపల ఒకే ఒక్క కణం మందాన అస్తరు. మధ్యలో కండరం, సాగే పోగులు. గుండె కొట్టుకున్నప్పుడల్లా సాగి ముడుచుకునేది ఈ పొరే. బయట గట్టిగా పట్టి ఉంచే పొర. కొవ్వు పేరుకునేది రక్తం పారే దారిలో కాదు, అస్తరు కింద, గోడ లోపల. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ అందులోకి దూరుతుంది, దాన్ని మింగిన తెల్లకణాలు అక్కడే ఉబ్బి ఇరుక్కుపోతాయి. గోడకి చెమ్మ దిగి పెయింట్ కింద పొక్కు లేచినట్టు. దాన్ని పైనుంచి కడిగేదేముంది? అయినా తాగిన వెనిగర్ పొట్టలోకి పోతుంది, గుండె దగ్గరికి వెనిగర్‌లా చేరదు.

ఇంకో మాట. ఆ పొక్కు దారిని సగం కూడా మూయకపోయినా, ఒకరోజు చిట్లితే దానిమీద నిమిషాల్లో రక్తం గడ్డకడుతుంది. "నిన్ననే టీఎంటీ బాగుందన్నారు, ఇవాళ ఎటాక్" అని వింటామే (టీఎంటీ అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష), చాలాసార్లు కథ ఇదే.

ఇక నలభై సంగతి. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలు కోసి చూసి 1953లో ప్రచురించారు. సగటు వయసు 22. వాళ్ళలో 77 శాతం మందికి అప్పటికే ఎంతో కొంత ధమని జబ్బు కనిపించింది. వాళ్ళేమీ బొజ్జలున్నవాళ్ళు కాదు.

మందులు మానడం మాత్రం నవ్వి వదిలేసే సలహా కాదు. స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే బిళ్ళలు సొంతంగా ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టొచ్చు. స్టాటిన్ బిళ్ళ ఎల్‌డీఎల్ తగ్గించి ఆ పొక్కు చిట్లకుండా గట్టిపడేలా చేస్తుంది. వెల్లుల్లి కొలెస్ట్రాల్‌ని తగ్గించినా కాస్తే. పైగా మోతాదు పెరిగితే, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళకి రక్తస్రావం భయం.

అలవాట్లు పనిచేసేది ఆ అస్తరు మీదే. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారుచేసి నాళాన్ని వదులు చేస్తుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. నడిస్తే రక్తం జోరుకి అది ఎక్కువ తయారవుతుంది, సిగరెట్ దాన్ని దెబ్బతీస్తుంది. ఇరానీ హోటల్ ముందు పాపం చాయ్‌ని తిడతారు గానీ, అసలు దొంగ రెండో చేతిలో ఉంటుంది. మానేసిన ఏడాదికి, పొగ వల్ల పెరిగిన గుండెజబ్బు ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. నడక వారానికి 150 నిమిషాలు, ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు.

అంకుల్, ఆ కిలో వెల్లుల్లి ఊరగాయకి మాత్రం ఇవ్వకండి, ఉప్పెక్కువ. ఆంటీతో చారులోకి పోపు పెట్టించండి. బిళ్ళ వేసుకున్నారా ఇవాళ?