మూత ఉంది, రేడియేటర్ లేదు

నెల్లూరు జిల్లాలో రొయ్యల చెరువులున్న మనిషికి జనరేటర్ గురించి ఎవరూ పాఠాలు చెప్పకూడదు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. అందుకని ముత్తుకూరు పక్క ఆక్వా రైతు నిద్రలోనే లేచి, లుంగీ సర్దుకుంటూ పోయి, జనరేటర్ స్టార్ట్ చేసి వచ్చి, మిగిలిన నిద్ర పూర్తి చేయగలడు. మా బావ ఆ బాపతు మనిషి. పడవ కొన్నదీ ఆ ధైర్యంతోనే.

పడవంటే చేపలు పట్టేది కాదు. ఒక పంటకి రేటు బాగా పలికితే కొచ్చిలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొని లారీ మీద వేయించుకొచ్చిన విహార పడవ. ఒక గది, దాంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ, ఫ్రిజ్, పైకప్పు చుట్టూ రంగు లైట్లు. వీటికోసం అడుగున, పలకల కింద, సౌండ్‌ప్రూఫ్ డబ్బాలో 5 కేవీఏ డీజిల్ జనరేటర్. పడవని నడిపే ఇంజిన్ వేరు. ఆ ఇంజిన్ ఆ రోజంతా శుభ్రంగా ఉంది, ఎప్పుడంటే అప్పుడు మమ్మల్ని ఒడ్డుకి చేర్చేది. కానీ ఏసీ పడవకని పిలిచిన చుట్టాల్ని చెమటలతో ఒడ్డున దించడానికి బావ పరువు ఒప్పుకోలేదు.

సందర్భం మా మేనల్లుడి ఐదో పుట్టినరోజు. మే నెల ఆదివారం. అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, అక్క చేపల పులుసు దబరతో సహా ఎక్కాక, కండలేరు క్రీకులో గట్టుకి కాస్త ఎడంగా లంగరు వేశారు. బావ బటన్ నొక్కాడు. జనరేటర్ స్టార్టయింది, ఏసీ చల్లగాలి వదిలింది. "ఎట్టుంది?" అన్నట్టు అందరి వైపూ చూశాడు. ఎవరూ జవాబు చెప్పేలోపే జనరేటర్ ఆగిపోయింది. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలిగింది. లైటు పక్కన బొమ్మ: అలల మీద నిలబెట్టిన థర్మామీటర్.

"గది చల్లబడింది, అందుకే ఆగింది" అన్నాడు బావ. బయట ఎండ ఎక్కువుందని చెబుతోందని మా అత్త. పెద్దమామ కరెంటాఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయన బొమ్మ వైపు చూడనే లేదు. "లోడు" అన్నాడు. 5 కేవీఏ అంటే 0.8తో గుణిస్తే 4 కిలోవాట్లు, ఏసీ ఒక్కటే ఒకటిన్నర పైచిలుకు తీసుకుంటుంది, కంప్రెసర్ లేచేటప్పుడు దానికి మూడు నాలుగు రెట్లు లాగుతుంది అని వేళ్ల మీద లెక్క చెప్పాడు. లెక్క కరెక్టే. కాకపోతే లోడు ఎక్కువైతే బ్రేకర్ పడాలి గానీ థర్మామీటర్ ఎందుకు వెలుగుతుంది? సరే, ఆయన తృప్తికోసం ఏసీ, ఫ్రిజ్, లైట్లు అన్నీ కట్టేసి స్టార్ట్ చేశారు. ఏ పనీ చెప్పని జనరేటర్ కూడా కాసేపు తిరిగి ఆగిపోయింది.

అప్పుడు బావ డీజిల్ మీద పడ్డాడు. డబ్బాలోకి తల దూర్చి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ చుక్క వచ్చేదాకా గాలి తీశాడు. గాలి పట్టిన ఇంజిన్ అసలు స్టార్టే కాదు, ఒకవేళ స్టార్టయినా గుక్కలు మింగుతూ నడుస్తుంది. ఇదేమో హాయిగా స్టార్టయి, వేడెక్కగానే ఆగుతోంది. ఆ మాటే చెప్పబోయాను. "నువ్వు గమ్మునుండబ్బా. నీది సాఫ్ట్‌వేరు, ఇది ఇంజిను" అన్నాడు డబ్బాలోంచే.

చెరువు దగ్గరున్న చిన్న పెట్రోల్ జనరేటర్ తెప్పించి గదిలో ఒక మూల పెట్టేద్దామని పెద్దమామ సలహా. అక్క ఒప్పుకోలేదు. ఆ రోజు పడవలో తెలివైన మాట అదొక్కటే. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, తలుపులేసుకున్న గదిలో నిద్ర వచ్చిందనుకునేలోపే ప్రాణం తీస్తుంది. అత్త మాత్రం, "ఈసారి రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకి పోయినప్పుడు జనరేటర్ రొట్టె ఉందేమో అడుగు నాయనా" అంది. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె ఉన్నప్పుడు ఇదొకటి ఉండకూడదా అని ఆవిడ వాదన.

చివరికి చెరువుల జనరేటర్లు చూసే మెకానిక్‌కి కబురు పోయింది. అతను గట్టు మీద బైకు ఆపి, చిన్న పడవలో మా దాకా వచ్చి, డబ్బా నాలుగు పక్కలా తలుపులు ఊడదీసి, చాలాసేపు వెతికి లేచాడు.

"అన్నా, దీని రేడియేటర్ యాడుంది?"

బావ కూడా వంగి చూశాడు. రేడియేటర్ లేదు. ఫ్యానూ లేదు. రేడియేటర్‌కి ఉండే మూత మాత్రం ఉంది. మూత తీస్తే లోపల నీళ్లు నిండుగా ఉన్నాయి.

"మూత వదిలేసి రేడియేటర్ ఎత్తకపోయినారన్నా. రాగికి రేటు బాగుంది" అన్నాడు మెకానిక్. లారీ డ్రైవర్ మీద అనుమానం వచ్చింది. పోలీసు కంప్లయింటు ఇద్దామన్నారు. బావ ముందు కొచ్చి ఆయనకి ఫోన్ కొట్టి, స్పీకర్ పెట్టి, తెలుగూ అరవం ఇంగ్లీషూ కలిపి తిట్టాడు. డబ్బులు పూర్తిగా తీసుకుని రేడియేటర్ లేని జనరేటర్ అంటగడతావా అని. అవతలాయన అంతా విని, నెమ్మదిగా అడిగాడు: "సార్, బోట్ ఎక్కడ ఉంది?"

"నీళ్లలో."

"అదే రేడియేటర్ సార్."

చెరువు గట్టు మీద ఇంజిన్‌ని గాలి చల్లబరుస్తుంది. డబ్బాలో మూసేసిన పడవ జనరేటర్‌కి ఆ వీల్లేదు కనుక పడవ అడుగున్న రంధ్రంలోంచి ఏటి నీళ్లు పీల్చుకుంటుంది. ఆ నీళ్లు జాలీ దాటి, రబ్బరు రెక్కల పంపు దాటి, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఇంజిన్ వేడిని మోసుకుని, పొగతో కలిసి పక్క పైపులోంచి బయట పడతాయి. మూత కింద బావ చూసిన నీళ్లు లోపల్లోపలే తిరిగేవి, అవి వేరు. స్టార్ట్ చేసిన వెంటనే తల బయటికి పెట్టి పొగతోపాటు నీళ్లు ఉమ్ముతోందా లేదా చూసుకోవాలి. మాది పొద్దుటినుంచీ ఉత్త పొగే వదులుతోంది.

జాలీ మూసుకుపోయి ఉంటుంది, తెరిచి చూడండి అన్నాడాయన. "బట్ సార్, ఫస్ట్..." అంటుండగా సిగ్నల్ పోయింది. మెకానిక్ జాలీ మూత తిప్పేశాడు.

అది నీటిమట్టానికి కిందుంటుంది. మొత్తం క్రీకు మెకానిక్ మొహం మీదికి వచ్చింది. ముప్పావు ఇంచీ పైపులోంచి వచ్చే నీళ్లకి పడవ అప్పటికప్పుడు మునగదు, కానీ ఆ సంగతి కాళ్లు తడుస్తున్న పాతికమందికి చెప్పి ఒప్పించడం కష్టం. అడుగు నీళ్లు తోడే పంపు బ్యాటరీ మీద నడవాలి. ఆ బ్యాటరీ జనరేటర్ స్టార్టర్ కొట్టీ కొట్టీ నీరసించి ఉంది. పెద్దమామ పులుసు దబర అందుకున్నాడు. "దాంట్లో ముక్కలున్నాయి, తోడబాకండి!" అని అత్త గట్టిగా పట్టుకుంది. ఈ లాగులాటలో మామిడికాయ ముక్క ఒకటి ప్యానెల్ మీద పడింది. అక్క పలకల మధ్య చెయ్యి పెట్టి, పైపు పొడవునా ఉన్న ఒక పిడిని అడ్డంగా తిప్పింది. నీళ్లు ఆగిపోయాయి.

"చెరువు మోటరు దగ్గర రోజూ తిప్పేదేగా ఇది?" అంది మొగుడితో.

జాలీలో నాచు, జెల్లీచేప జిగురు, ఒక వాటర్ ప్యాకెట్ కవరు, వాటి మధ్య ప్రాణంతో ఒక రొయ్య. బావ దాన్ని అరచేతిలో వేసుకుని, అంత గందరగోళంలోనూ, "కిలోకి అరవై కౌంటుంటుంది" అన్నాడు.

జాలీ కడిగి బిగించి, పిడి తెరిచి స్టార్ట్ చేస్తే మళ్లీ ఉత్త పొగే. ఈలోపు సిగ్నల్ వచ్చిన కొచ్చి ఆయన తల పట్టుకున్నట్టే ఉంది. పంపు రబ్బరుకి తడి ఆ నీళ్లే, పొద్దుటినుంచీ పొడిగా తిప్పితే అది కాలిపోయి ఉంటుందన్నాడు. విప్పితే నిజమే, ఆరు రెక్కల్లో రెండు లేవు. ఆ రెక్కల చక్రాన్నే ఇంపెల్లర్ అంటారు, కొత్తది ఒకటి స్పేర్‌గా సొరుగులో పెట్టి పంపానన్నాడు. సొరుగు ఖాళీ.

"ఎట్టుంటుందది?" అని అక్క అడిగింది.

"నల్లగా, రబ్బరు పువ్వు సార్."

అందరం ఒకేసారి పుట్టినరోజు పిల్లాడి వైపు తిరిగాం. వాడు వారం నుంచీ దాన్ని తాడుకి కట్టి మెళ్లో వేసుకుని తిరుగుతున్నాడు. పువ్వు వాడి దగ్గర్నుంచి తీసుకోవడానికి జనరేటర్ విప్పినదానికంటే ఎక్కువసేపు పట్టింది. పాతది వాడికిస్తామని ఒప్పందం. గిన్నెలు తోమే లిక్విడ్ కాస్త రాసి, రెక్కలు తిరిగే వైపుకి వంచి కొత్తది లోపలికి నెట్టారు. నీరసించిన బ్యాటరీకి ఇంజిన్ బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి బటన్ నొక్కితే పక్క పైపు రెండుసార్లు దగ్గి నీళ్లు ఉమ్మింది. చుట్టాలు చప్పట్లు కొట్టారు. బావ ఒకేసారి ఏసీ, ఫ్రిజ్, లైట్లు అన్నీ వేశాడు. బ్రేకర్ పడింది.

"లోడు" అన్నాడు పెద్దమామ, ఆరోజు మొదటిసారి నవ్వుతూ.

ఊడిన రెక్కలు హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఇరుక్కుంటాయి, అవి వెతికి తీయకపోతే ఇంజిన్ మళ్లీ కాగిపోతుందని కొచ్చి ఆయన గట్టిగా చెప్పాడు. ఒకటి దొరికింది. రెండోదానికోసం బావ మీద రోజూ ఒత్తిడి పెడుతున్నది మాత్రం ఆయన కాదు. నాలుగు రెక్కల పువ్వు తనకొద్దని, మిగతా రెండూ అతికించి ఇస్తే గానీ స్కూలుకి పోనని మా మేనల్లుడు భీష్మించుకు కూర్చున్నాడు.