సింపులైతే నేనెందుకొస్తాను?

వలంటీర్లు నడిపే ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ని ఎలా వాడాలో చెప్పే డాక్యుమెంటేషన్ సైట్ బాగుచేశామన్నారు. రంగులు మారాయి, డార్క్ మోడ్ వచ్చింది. నిన్నటిదాకా పనిచేసిన లింకులన్నీ 404, అంటే పేజీయే లేదట! పేజీని జరిపినప్పుడు పాత అడ్రసు నుంచి కొత్తదానికి దారి మళ్లించే ఒక్క 301 రీడైరెక్ట్ పెట్టడానికి చేతులు రాలేదా? నెట్‌లో వెతికితే మూడు వెర్షన్ల కిందటి పేజీయే పైన వస్తుంది. ఏది అసలు పేజీయో సెర్చ్ ఇంజిన్‌కి చెప్పే కెనానికల్ ట్యాగ్ పెట్టి ఉంటే ఈ తిప్పలు చాలావరకు తప్పేవి. "ఇది పాతది" అన్న ముక్క కూడా లేదు. అందులోని కమాండ్ నమ్మి గంటన్నర తల బద్దలు కొట్టుకున్నాను. పైగా ప్రతి పేజీలో "సింపుల్‌గా ఇలా చేయండి" అని ఒకటి!

జీతం లేకుండా పనిచేసేవాళ్లని ఊరికే తిట్టడమెందుకని నేనే రెండు లైన్లు సరిచేసి, ఈ మార్పు కలుపుకోండని పుల్ రిక్వెస్ట్ పంపాను. ఐదు నెలలైంది. మొన్న ఒక బాట్ ప్రోగ్రామ్ వచ్చి, "కదలిక లేదు కాబట్టి మూసేస్తున్నాం" అని చెప్పి పోయింది.