బార్ట్రం ఉత్తరాలు చదవరు, రీళ్ళు మాత్రం చేస్తారు

మళ్ళీ అదే రీలు. వెనక వయొలిన్, ముందు గంభీరమైన గొంతు: "చదువులేని ఒక రైతు పొలం దున్నుతూ పువ్వుని చూశాడు. నాగలి వదిలేశాడు. అమెరికాలోనే గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడయ్యాడు. మీ పువ్వు ఎక్కడుంది?" పొద్దున్నుంచి ఏ గ్రూపు తెరిచినా ఇదే. కింద దండాల ఎమోజీలు.

మా పువ్వు సంగతి తర్వాత. ఆ నాగలి కథ 1782లో రచయిత క్రెవ్‌కోర్ తన పుస్తకంలో ఓ కల్పిత రష్యన్ యాత్రికుడి చేత చెప్పించింది. ఆ కథలో రైతు, అంటే జాన్ బార్ట్రం, అప్పటికి పోయి ఐదేళ్ళు. ఆయన మాత్రం తన ఉత్తరంలో, పదేళ్ళప్పటి నుంచే మొక్కలంటే ఇష్టమని, చూస్తే గుర్తుపట్టేవాణ్ణని, పేర్లు చెప్పే మనిషీ పుస్తకమూ లేకపోయాయని సాదాగా రాసుకున్నాడు. సాదాగా ఉంటే వయొలిన్ కుదరదుగా.

ఆ ఉత్తరాల నిండా ఉన్నది పెట్టెల గోల. ఫిలడెల్ఫియా పక్కన స్కూల్‌కిల్ నది ఒడ్డున జాన్ తోట. అక్కణ్ణుంచి వెళ్ళిన పెట్టెల్ని లండన్‌లో అందుకునేది బట్టల వ్యాపారి పీటర్ కాలిన్సన్. పెట్టె ఐదు గినీలు (అప్పటి ఇంగ్లీషు బంగారు నాణేలు), అందులో వంద రకాల పైచిలుకు అమెరికా చెట్ల గింజలు. కొనేవాళ్ళు లార్డ్ పీటర్, రిచ్‌మండ్ డ్యూక్ లాంటి దొరలు. గింజ పండేది శరదృతువులో, అంటే అడవులు తిరగాల్సిందీ అప్పుడే. డెలావేర్ నది గడ్డకట్టేలోపు ఓడ ఎక్కించాలి. లేదంటే లండన్‌లో విత్తే అదును దాటిపోతుంది. ఓక్ కాయలు ఎండితే చస్తాయి, కాబట్టి నాచులోనో మట్టిలోనో పెట్టాలి. అదే తడి పైన్ గింజకి తగిలితే బూజు. అన్నీ ఒకే పెట్టెలో, ఒకే ఓడలో! బతికున్న మొక్కైతే వేళ్ళని ఎద్దు మూత్రాశయంలో దూర్చి, మూతిని కాండానికి కట్టి పంపాలి. పైన ఉంచితే ఉప్పునీళ్ళు, కింద ఉంచితే ఎలుకలు. అందుకే కెప్టెన్ గదిలో పెట్టించమని కాలిన్సన్ పోరు. ఎండబెట్టిన నమూనాలైతే రెండేసి జతలు, రెండిటికీ ఒకే నంబరు. ఒకటి ఇంట్లో ఉంటుంది, రెండోది లండన్ వెళుతుంది, అక్కణ్ణుంచి ఆ నంబరుకి పేరు వస్తుంది. జాన్ బార్ట్రం చదువు ఇదీ, పోస్టులో వచ్చింది. దీన్ని 30 సెకన్లలో చెప్పండి చూద్దాం.

కాలిన్సన్ గారి దాతృత్వం గురించి కూడా తెగ రాస్తారు. ఆయన ఒకసారి తన పాత టోపీ పంపాడు. కంతలున్నాయని జాన్ అన్నాడు. దానికి జవాబు: అంచున ఒకటో రెండో చిన్న కంతలు నిజమే, లోపలి లైనింగు కొత్తది కదా, ఎవరికో ఇచ్చేసే బదులు తిరిగి పంపితే వానాకాలం పల్లెలో నేనే రెండు మూడేళ్ళు పెట్టుకునేవాణ్ణి! దొరలకి తోటలు నింపిన మనిషికి దక్కిన మర్యాద ఇది. పుస్తకాలు ఎక్కువ కొనొద్దు, వాటికి అంతు లేదని బైబిల్లో వందల భార్యల రాజు సొలొమోను అన్నది గుర్తుంచుకో అని కూడా ఈయనే సలహా ఇచ్చాడు. సొలొమోను ఆడవాళ్ళని తక్కువా పుస్తకాలని ఎక్కువా ప్రేమించి ఉంటే ఇంకా తెలివిగా, సుఖంగా ఉండేవాడని జాన్ తిప్పికొట్టాడు. "చదువులేని రైతు" అట!

అసలు నా కడుపుమంట ఇది కాదు. కొడుకు విలియంని ప్రకృతి ఒడిలో తిరిగిన సాధువుగా చూపించే పోస్టులున్నాయే, అవి. 1766లో ఆ సాధువు ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది పక్కన వరి పండిద్దామని దిగాడు. తండ్రి సాయంగా సమకూర్చినవి కొడవళ్ళూ గొడ్డళ్ళే అనుకుంటున్నారా? ఆరుగురు బానిసలు కూడా. అదే ఏడు ఆగస్టులో చార్ల్స్‌టన్ వ్యాపారి హెన్రీ లారెన్స్, స్వయంగా బానిసల బేరగాడు, విలియం దుస్థితి చూసొచ్చి జాన్‌కి ఉత్తరం రాశాడు. పెళ్ళాం లేదు, స్నేహితుడు లేడు, తొమ్మిది మైళ్ళలో మనిషన్నవాడు లేడు అని వాపోయాడు. అందరూ "అయ్యో పాపం విలియం" అంటూ ఆ ముక్క ఎత్తి రాస్తారు. అదే ఉత్తరంలో, కాస్త కిందే, ఆ ఆరుగురూ ఉన్నారు. సాయం కంటే పీడే ఎక్కువట. ఒకడు చంపుతానని బెదిరిస్తున్నాడట. ఒకరు దండగ ఖర్చట. ఇంకొకరు చంకలో పసిబిడ్డ.

తొమ్మిది మైళ్ళలో మనిషే లేడట. రీలు చేసే బాబూ, ఆ బిడ్డని ఏ లెక్కలో వేశావు?