యాసకు హీరో వేషం దొరికింది, మరి ఉద్యోగం?

తెలుగు సినిమాలో తెలంగాణ యాస వినపడిందంటే ఒకప్పుడు తెర మీదికి రౌడీయో, పనివాడో, కమెడియనో వచ్చినట్టే. హీరో ఏ ఊరివాడైనా కోస్తా మాటే మాట్లాడాలి. 'మాభూమి' వంటి మినహాయింపులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2014లో రాష్ట్రం వచ్చాక లెక్క మారింది. 2017లో 'ఫిదా' నాయిక భానుమతి బాన్సువాడ పిల్ల. ఆ పాత్ర వేసిన సాయిపల్లవి తెలుగమ్మాయి కాకపోయినా ఆ యాస నేర్చుకుని సొంత గొంతుతో డబ్బింగ్ చెప్పుకుంది. 2023 మార్చిలో 'బలగం' వచ్చింది. చావు జరిగిన ఇంట్లో పిట్టకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఎవరి మీద అలిగి పోయాడో పెద్దాయన అని ఊరంతా గుసగుసలు. ఈ చిన్న సంగతి మీదే సినిమా అంతా నడిచింది. పల్లెల్లో ఊరి నడుమ తెర కట్టి మరీ చూశారు. బడిలో ఇంటి మాట మాట్లాడి నవ్వులపాలైన తరం ఆ తెర ముందు కళ్లు తుడుచుకుంటే, వాళ్ల మనవలు అదే మాటతో రీల్స్ చేశారు. అందులోని 'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డూ వచ్చింది.

ఇదంతా సినిమావాళ్ల మనసు మారినందువల్లే జరిగిందని మేం అనుకోవడం లేదు. ఉద్యమం అడిగింది, అధికారం చేతులు మారింది, సినిమా వ్యాపారంలో నైజాం అని పిలిచే తెలంగాణ వసూళ్లు ఎటూ ఉన్నవే. 2025లో తెలంగాణ సినిమా అవార్డులను గద్దర్ పేరు మీద ఇచ్చారంటే అదీ ఆ అధికారం చలవే.

అయితే లుంగీ కట్టి, కల్లు తాగే హీరోకు అతికినంత సులువుగా ఈ యాస కలెక్టరుకు అతకడం లేదు. కోర్టు సీను రాగానే లాయరుకు మళ్లీ పుస్తక భాషే. ఉత్తరాంధ్ర పరిస్థితి ఇంకా అన్యాయం. 'కేరాఫ్ కంచరపాలెం' వంటివి ఒకటీ అరా వచ్చినా, ఆ యాస ఎక్కువగా నవ్వులకే పనికొస్తోంది. సీమ మాటకు ఫ్యాక్షన్ కత్తి వదల్లేదు. 'పుష్ప'తో చిత్తూరు యాస దేశమంతా తిరిగింది, అదీ ఎర్రచందనం స్మగ్లర్ నోట. ఆ జిల్లాల నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు, జడ్జీలు ఎందరో వచ్చారు. వాళ్లకు డైలాగులు రాసేటప్పుడు మాత్రం మన రచయితలకు వాళ్ల ఊరు గుర్తుకు రావడం లేదు.